కట్టకు కావలి యెవరు?

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని నడిగూడెపు ప్రాంతమువారు అంత సులభముగా మఱవజాలరు. ఆగస్టు చివరిదినమున పట్టిన వాన తెఱపి లేక కురిసెను. వాగులు ఏఱులయ్యెను. మఱునాడు నడిగూడెము మండలములోని కాగిత రామచంద్రాపురము చెంత నాగార్జునసాగరు ఎడమకాలువ కట్ట తెగి, కాలువనీరు పొలములమీద పడెను. నాట్లు వేసి యెన్నో దినములు కాని వరిచేలు మునిగిపోయెను. ఇదే కాలువకు అంతకు రెండేండ్లక్రిందట, 2022 సెప్టెంబరులో, నల్లగొండ జిల్లా నిడమనూరు మండలమునను గండి పడియుండెను.

గండి పడిన పిమ్మట జరుగవలసినవన్నియు జరిగినవి. మంత్రులు వచ్చి చూచిరి. ఇంజనీర్లు మకాము వేసిరి. కట్టను మరల పోయించిరి. దానిని తిరుగ వర్ణించుట మా యుద్దేశము కాదు. ఆ గండియొడ్డున నిలిచినవారికి తోచవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఈ కాలువకు ఇంజనీర్లు కలరు, లష్కరులు కలరు, కొలతపలకలు కలవు, ఏ తలుపు ఎప్పుడెత్తిరో వ్రాసికొను పుస్తకములు కలవు. ఇంత పరివారము గల కట్టయే ఒకనాటి వానకు నిలువకపోగా, ఏ పరివారమును లేని కట్టల గతి యేమి? వానిని చూచువారెవరు?

అట్టి కట్టలు మన పల్లెలలో నేడు కొల్లలుగా నున్నవి. ఒక రైతు తోటకొఱకు వాగుపాయకు అడ్డముగా పోయించిన కట్ట, ఒక గుత్తదారు చేపలకొఱకు ఎత్తించిన గట్టు, నలుగురు కలిసి వాననీరు నిలుపుకొనుటకై వేసికొన్న కుంట: ఇవన్నియు సొంత సొమ్ముతో సొంత నేలలో లేచినవి. ఇందు మంచియే యెక్కువ. వానచినుకు నేలమీద నిలుచుటకంటె మెట్టప్రాంతమునకు కావలసినదేమున్నది? నేలను త్రవ్వి చేసిన గుంటనుగుఱించి మాకు దిగులు లేదు; గుంటలోని నీరు నేలమట్టమునకు దిగువనుండును, అది పాఱిపోజాలదు. నేలకుపైన కట్ట పోసి నిలిపిన నీటి విషయము వేఱు. ఆ నీరు ఎల్లప్పుడును క్రిందికి పోవలెననియే చూచుచుండును. దాని త్రోవలో ఎవరి పొలమున్నదో, ఎవరి యిల్లున్నదో అది విచారింపదు.

“చిన్నకుంట, దాని కింత ఆర్భాటమేల?” అనువారు ఒక్కసారి లెక్క వేసికొనవలెను. పది యెకరముల కుంట, సగటున రెండు మీటర్ల లోతు. అందు నిలుచు నీరు 80 వేల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు నీరు టన్ను తూగును. అనగా ఊరిపైన 80 వేల టన్నుల బరువును మట్టిగోడ యొకటి ఆపుచున్నదన్నమాట. ఆ గోడ నాలుగు మీటర్ల యెత్తుండవచ్చును. నాలుగు మీటర్లని విన్నవారు తేలికగా తీసికొందురు గాని, కట్ట తెగిననాడు మనుష్యుని ముంచుటకు అందులో సగము చాలును.

ఈ మధ్య మేమొక కుంటకట్టమీద నడచితిమి. ఊరి పేరు, యజమాని పేరు ఇక్కడ అనవసరము. ఆయన చెడ్డవాడు కాడు, మాకు మజ్జిగ యిచ్చి ఆదరించినాడు. కట్టమీద తుమ్మలు దట్టముగా పెరిగినవి. వెలుపలివాలున రెండుచోట్ల పందికొక్కులు బొఱియలు చేసినవి. తూముగొట్టము బయటికి వచ్చుచోట నేల నడివేసవిలోను పచ్చగా, మెత్తగా నున్నది. అలుగుమీద రెండు వరుసల యిటుకలు పేర్చి యెత్తు పెంచినారు, నీరింకను కొంత నిలుచునని. ఆ యిటుకలకు మీదుగా చేపలు పోకుండ ఇనుపతీగె వల బిగించినారు. వలకు చెత్తయు నాచును పట్టి సగము మూసికొనిపోయినది. “వాన పెద్దదైనచో ఈ వల యేమగును?” అని అడిగితిమి. “అప్పుడు తీసివేయుదుమండీ” అని ఆయన సమాధానము. పెద్దవానలు నడిరేయి వచ్చుననియు, ఆ వేళ అలుగుచెంతకు పోవు సాహసము ఎవరికిని ఉండదనియు ఆయనకును తెలియును.

ఈ వలను చూచినపుడు మాకు అమెరికా దేశపు కథయొకటి జ్ఞప్తికి వచ్చినది. పెన్సిల్వేనియా రాష్ట్రములో జాన్స్‌టౌను అను పట్టణమునకు ఎగువ, సౌత్‌ఫోర్కు అనుచోట, ధనికుల వేటసంఘమొకటి పాత మట్టికట్టను కొని విహారమునకై చెఱువు నింపుకొనెను. మునుపటి యజమాని యొకడు అడుగుతూముల గొట్టములు పెకలించి అమ్ముకొని యుండెను; సంఘమువారు వానిని మరల వేయింపలేదు. బండ్లు ఎదురెదురుగా తప్పుకొని పోవుటకై కట్టతలను కొంత తగ్గించిరి. తాము వదలిన చేపలు పోకుండ అలుగునకు జల్లెడలు బిగించిరి. 1889 మే 31న కురిసిన వానకు ఆ జల్లెడలు చెత్తతో మూసికొనెను, నీరు కట్టమీదుగా పొర్లెను, కట్ట తెగెను. 2,200 మందికి పైగా చనిపోయిరి. ఆ కట్ట ప్రభుత్వముది కాదు; ఒక సంఘము సొంతము. మొన్నటిమొన్న, 2018 మే 9న, కెన్యా దేశములో సొలాయి అనుచోట ఒక తోట యజమాని మట్టికట్ట రాత్రివేళ తెగి నలువదిమందికి పైగా ప్రాణములు తీసెను. చనిపోయినవారు కట్టక్రింద గుడిసెలలో నిద్రించుచున్న బీదలు. కట్టయొక్క లాభము ఒకరిది, గండియొక్క నష్టము మఱొకరిది. సొంత ఆస్తి యను మాటకు హద్దు ఇక్కడనే యున్నది.

మన దేశములో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నూటయేబదియేండ్లక్రిందటనే ఒక తెలుగు జమీందారు చెఱువులవలన న్యాయస్థానమెక్కినది. చిత్తూరు ప్రాంతమున కార్వేటినగరము జమీందారీలోని చెఱువులు పెద్దవానకు తెగి, మదరాసు రైల్వే కంపెనీవారి వంతెనలను కట్టడములను కొట్టుకొనిపోయెను. కంపెనీవారు నష్టపరిహారము కోరిరి. అప్పటికి కొద్దియేండ్లముందు, 1868లో, ఇంగ్లండులో రైలాండ్సు అను మిల్లు యజమాని జలాశయపు నీరు పొరుగువాని గనిలోనికి దిగిన వ్యాజ్యములో, ప్రమాదకరమగు వస్తువును తన నేలమీదికి తెచ్చి నిలుపుకొన్నవాడు అది తప్పించుకొని పోయి చేసిన నష్టమునకు, తన యజాగ్రత్త లేకపోయినను, బాధ్యుడని తీర్పు వచ్చియుండెను. అదే సూత్రము జమీందారునకును అంటగట్టవలెనని రైల్వేవారి వాదము. 1874లో ప్రివీ కౌన్సిలు దానిని ఒప్పుకొనలేదు. ఈ చెఱువులు ఒకని విలాసమునకు కట్టినవి కావనియు, అనాదిగా దేశపు సేద్యమునకు ఆధారమైనవనియు, వానిని నిలుపుట జమీందారునకు హక్కు మాత్రమే గాక విధియు ననియు, కనుక ఆయన యజాగ్రత్త రుజువైననే బాధ్యుడనియు తీర్పు చెప్పిరి.

తీర్పు జమీందారునకు లాభించిన మాట నిజమే. కాని దానిలో నిలువదగిన యంశము వేఱు. చెఱువుగలవాడు దానిని కాపాడ బద్ధుడు, ఆ కాపాడుటకు ప్రతిఫలముగానే చట్టము వానికి కొంత మన్నన చూపుచున్నది. జాగ్రత్త లేనిచోట మన్నన లేదు. నేడు కట్ట పోసినవారిని “మీరేమి జాగ్రత్త తీసికొంటిరి?” అని అడిగినచో చూపుటకు ఒక్క కాగితమైన నున్నదా? వర్షమునకు ముందు కట్ట నడచి చూచినట్లు ఒక్క పంక్తియైన వ్రాసియున్నదా?

నడిగూడెము ఈ మార్పులన్నిటిని కన్నులార చూచిన యూరు. ఈ పత్రికను గ్రంథాలయములో చదువువారు ఆ యూరిని మఱొకందుకు ఎఱుగుదురు: మునగాల పరగణాకు అది రాజస్థానము, రాజా నాయని వెంకటరంగారావుగారును, వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులు. చుట్టును నిజాము రాజ్యముండగా పరగణా మాత్రము కృష్ణాజిల్లాలోనిది. చదువునకు ఇంత చేసిన సంస్థానమే, రైతులకు వచ్చుసరికి తక్కిన జమీందారీలవలెనే నడచినదనియు, 1930 దశకములో పరగణా రైతులు దానిపై పోరాడిరనియు చరిత్ర చెప్పుచున్నది. 1948నాటి మదరాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయి, వానిలోని చెఱువులు ప్రభుత్వపరమయ్యెను. జమీందారు పోవుట మేలే. కాని జమీందారుతోపాటు చెఱువును తనదిగా చూచుకొను కన్ను కూడ పోవుట మేలు కాదు.

ఆ కన్ను జమీందారుది కాదు సుమా. నిజముగా చూచినవాడు నీరటికాడు. కొన్ని సీమలలో నీరుగంటి యందురు. పేరేదైనను పని యొక్కటే: తూము వదలుట, మళ్లకు నీరు పంచుట, వానాకాలమున రేయింబవళ్లు కట్టమీద తిరుగుట. బుంగ పడినను అలుగు దుమికినను ఊరికి మొదట చెప్పువాడు వాడే. కళ్లములో వానికింత గింజలు కొలుచుట ఆచారము. చెఱువు కట్టించినవారికిని నిలుపువారికిని దశబంధ మాన్యములిచ్చుట మన పూర్వులకు తెలిసిన పద్ధతి. కావలికి జీతము చెఱువునీటితో పండిన పంటనుండియే పుట్టెడిది. ఆ వ్యవస్థయందు కులపుకట్టుబాటు, వెట్టి, అవమానము లేవని మేమనము. అవి యుండినవి, పోవలసినవే. తరువాత నీరటికాండ్రు గ్రామసేవకులలో చేరి, చిల్లర సర్కారు కొలువులు చేసి, తెలంగాణములో 2023లో ఆ సేవక వ్యవస్థయే రద్దు కాగా ఇతర శాఖలలో సర్దుబాటైరి. వెట్టి పోయినందుకు సంతోషించుచునే అడుగుచున్నాము: పని యెవరికి అప్పగింపబడినది? 2015లో మొదలిడిన మిషను కాకతీయలో రాష్ట్రములోని 46 వేలకు పైబడిన చెఱువులు కుంటలు లెక్కకు వచ్చినవి; ఎన్నిటికో పూడిక తీసిరి, కట్టలు బలపఱచిరి. అది చేయదగిన పని, చేసినవారిని మెచ్చుకొందము. పూడిక యొకనాటి పని, కావలి ప్రతిదినపు పని. మొదటిదానికి డప్పులు మ్రోగును, రెండవదానికి పైకమే యుండదు.

ఇక చట్టము సంగతి. 2021 నవంబరు 19న కడపజిల్లా చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలగు గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయిన నెలలోపుననే, డిసెంబరులో, కేంద్రము ఆనకట్టల భద్రతా చట్టమును తెచ్చెను. చట్టము మంచిదే. యజమాని ప్రభుత్వమైనను కంపెనీయైనను వానకు ముందొకసారి తరువాతనొకసారి కట్టను పరీక్షింపవలెననియు, కొలత పరికరములుండవలెననియు, చూచినదెల్ల పుస్తకమున వ్రాయవలెననియు, ఆపద వచ్చిన నేమి చేయవలెనో ముందుగానే వ్రాసి పెట్టుకొనవలెననియు అందున్నది. అయితే ఇది పదునైదు మీటర్లకు మించిన కట్టలకు, పదిమొదలు పదునైదు మీటర్ల నడుమనున్నవానిలో పొడవు, నిలువ మొదలగు కొన్ని గుర్తులు గలవానికి మాత్రమే. మన నాలుగు మీటర్ల కుంట దీనికి కనబడదు.

ఇంగ్లండువారు వేఱొక లెక్క పట్టిరి. 1925లో వేల్సులో డాల్గారొగ్ అను పల్లెపై ఒక కంపెనీ కట్టలు ఒకదాని పిమ్మట ఒకటి తెగి పదునాఱుగురు చనిపోగా, 1930లో చట్టము చేసిరి. తరువాత 1975నాటి చట్టములో 25 వేల ఘనపు మీటర్లకు మించి నేలమట్టమునకుపైన నీరు నిలిపిన ప్రతి జలాశయమును, అది ఎవరిదైనను, పద్దులోనికి తెచ్చి ఇంజనీరు కంటి క్రింద నుంచిరి. వారి కొలతతో చూచినచో మనము లెక్కించిన పదియెకరముల కుంట హద్దుకు మూడింతలు పెద్దది! అక్కడనైన మహాజలాశయమని పద్దులోని కెక్కును, ఇక్కడ వానగుంటయని కొట్టివేయబడును.

సర్కారు ఇంజనీరు వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినంత గహనమైన విద్య కాదిది. మట్టికట్ట తెగు విధములు వేళ్లమీద లెక్కింపదగినవి. అలుగు చాలక నీరు కట్టతలమీదుగా పొర్లుట వానిలో ఘోరమైనది. రాతికట్ట కొంతసేపు సహించును, మట్టికట్ట సహింపదు. వెలుపలివాలున దిగు నీరు చాళ్లు కోసి, ఆ చాళ్లు వెనుకకు ప్రాకి తలను చేరి, చూచుచుండగనే గండి యగును. కనుక అలుగు వెడల్పును ఎత్తును ఎవడును ముట్టరాదు. ఇటుక పేర్చుట, ఇసుకబస్తాలు వేయుట, వల బిగించుట కట్ట గొంతు నులుముటయే. అన్నమయ్య ప్రాజెక్టులో అలుగు తలుపులు వదలగలిగినది 2.17 లక్షల క్యూసెక్కులు. ఆ రేయి వచ్చినది మూడు లక్షలకు పైమాట. తలుపులలో నొకటి పనిచేయనేలేదు. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలము గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగినప్పుడును మూడు తలుపులలో నొకటి లేవలేదు. తుప్పుపట్టిన తలుపు ఎండకాలములో ఎవరికిని అపకారము చేయదు. అందుచేతనే దానిని ఎండకాలములో ఎవరును తలపరు.

రెండవ విధము లోలోపల జరుగునది. మన రైతులు బుంగయనునది ఇదే. నీరు కట్టలో సన్నని త్రోవ చేసికొని, మట్టిరేణువులను ఒక్కటొక్కటిగా వెలుపలికి మోసికొనిపోవును. త్రోవ పెరిగినకొలది నీరు పెరుగును, నీరు పెరిగినకొలది త్రోవ పెరుగును. తూముగొట్టమును అంటియున్న మట్టి, ఎండి కుళ్లిన చెట్టువేళ్లు, ఎండ్రకాయల రంధ్రములు, పందికొక్కుల బొఱియలు, చెదలుతిన్న తావులు దీనికి తొలిమెట్లు. ఊట కనబడగానే గుండె బాదుకొన నక్కఱలేదు. ఊరని మట్టికట్ట లేదు. ఊటనీరు తేటగా నున్నంతవఱకు కట్ట తన మట్టిని తాను నిలుపుకొనుచున్నదని అర్థము. నీరు బురదరంగు తిరిగినదా, కట్ట తన శరీరమునే కరగించుకొనుచున్నది. అప్పుడొక్క గడియయు ఆలసింపరాదు.

కొలుచుటకు యంత్రములు కావలెనా? ఊటనీటినంతయు ఒక కాలువగా త్రిప్పి, ఒక బిందె పెట్టి, అది నిండుటకు ఎన్ని నిమిషములు పట్టినదో వ్రాసికొనిన చాలును. ఆనాటి చెఱువు మట్టమును ప్రక్కన వ్రాయవలెను. మట్టము చూచుటకు తూమురాతిమీద అడుగులు అంగుళములు రంగుతో గీయించిన చాలును. మట్టమొక్కటియే యుండగా పోయిన నెల పది నిమిషములలో నిండిన బిందె ఈ నెల ఐదింటనే నిండెనా, కట్ట మనతో నేదో చెప్పుచున్నది. కట్టతలమీద వరుసగా రాళ్లు పాతి, ఏటేట నీటిగొట్టముతో వాని మట్టము సరిచూచినచో ఎక్కడ క్రుంగుచున్నదో తెలియును. చేతిలో కాస్త పైకము గలవాడు కట్టలోనికి సన్నని చిల్లులగొట్టము నిలువుగా దింపించి, అందులో నీరెంతయెత్తు నిలిచినదో కఱ్ఱతో చూచుకొనవచ్చును. పెద్ద ఆనకట్టలలో ఇంజనీర్లు చేయునదియు ఇంతకంటె మూలమున భిన్నము కాదు. అన్నిటికంటె ముఖ్యము ఏమనగా, చూచినవాడే ప్రతిమారు చూడవలెను. అన్యునికి కనబడని మార్పు ఆ కంటికి కనబడును.

బురదనీరు కనబడిననాడు మనవారు చేయు తప్పొకటి కలదు. వెలుపలి ముఖమున రంధ్రములో బంకమట్టి కూరి, బస్తా అదిమి, ఆగినదని సంతోషింతురు. లోపలి నీరు ఆగదు. ప్రక్కన వేఱొకచోట మఱింత బలముగా చీల్చుకొని వచ్చును. చేయవలసినది ఊటనోటిమీద మొదట ఇసుక, దానిమీద సన్నకంకర, దానిమీద పెద్దరాళ్లు పఱచుట: నీరు పోవును, మట్టి పోదు. తూము విడిచి చెఱువు మట్టమును దించవలెను. అదియు మెల్లగా దించవలెను. ఒక్కమారుగా దించినచో తడిసి బరువెక్కిన లోపలివాలు జాఱిపడును. ఈలోపల దిగువ ఇండ్లకు కబురు పోవలెను. ఎవరు చెప్పవలెను, ఎవరికి టెలిఫోను చేయవలెను, ముసలివారిని పసివారిని ఏ మిట్టకు చేర్చవలెను అనునవి ఆ రేయి ఆలోచించు విషయములు కావు.

ఇదంతయు పాశ్చాత్యుల విద్యయని తలంచువారు పోరుమామిళ్ల శాసనము చదివించుకొనవలెను. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనమది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పని చేయగా ఆ తటాకము పూర్తియయ్యెనని అందున్నది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములు చెప్పి, పిదప ఆఱు దోషములు చెప్పినారు. ఆ దోషములలో కట్టనుండి నీరూరుట యొకటి. ఆఱువందల యేబదియేండ్లక్రిందట రాతిమీద చెక్కించి జ్ఞాపకముంచుకొన్న దోషమును మనము కాగితముమీద నైనను వ్రాసికొనకున్నాము!

మఱొక్క విషయము. తెలంగాణపు చెఱువులు ఒంటిగా నిలిచినవి కావు. గొలుసుకట్టుగా ఎగువదాని అలుగునీరు దిగువదానికి చేరునట్లు పూర్వులు కూర్చిరి. ఈ గొలుసు కఱవులో వరము, గండిలో శాపము. ఎగువ సొంతకుంట తెగినచో దాని నీరంతయు గడియలో దిగువ ఊరి చెఱువుపై పడును. ఆ చెఱువు అలుగు అంత నీటికి కట్టినది కాదు. చెయ్యేటి విషాదమునకు ముందు ఎగువన పింఛ ప్రాజెక్టు కట్టయు తెగియుండెను. కావున సొంతకట్ట యజమాని తన పొలము మునిగినను తన నష్టమేయనుట చెల్లదు. ఆయన కుంట ఊరి చెఱువునకు ఎగువ వాకిలి.

మేము కోరునది అధికారుల కొఱడా కాదు. సొంతకుంటకు అనుమతిపత్రము, పరీక్షకు రుసుము, గుమాస్తాకు దక్షిణ అని మొదలిడినచో రైతు కుంటను దాచును. దాచిన కుంట మఱింత ప్రమాదము. ప్రతి పంచాయతీయు కట్టల పద్దు ఒకటి పెట్టవలెను. అందు ప్రభుత్వపు చెఱువనియు సొంతకుంటయనియు భేదము లేక నేలకుపైన నీరు నిలుపు ప్రతి కట్టయు ఎక్కవలెను: యజమాని యెవరు, ఎత్తెంత, అలుగు వెడల్పెంత, తూము ఏపాటిది, అన్నిటికంటె ముందుగా, అది తెగినచో నీరు ఎవరి గడపకు పోవును. వరుస కట్ట యెత్తునుబట్టి గాక దిగువను నిద్రించువారి సంఖ్యనుబట్టి వేయవలెను. క్రింద బీడు తప్ప ఏమియు లేని కట్టను ఏటి కొకమారు చూచినను చాలును. క్రింద కాలనీ యున్న కట్టను వానాకాలమున ప్రతిదినము నడవవలెను. నీటిపారుదల శాఖ ఇంజనీరు మృగశిరకు ముందొకసారి యజమానిని వెంటబెట్టుకొని నడచి, చూచినది తెలుగులో వ్రాసి, రుసుము లేకయే సలహా చెప్పిపోవలెను. ఆ కాగితమొకటి పంచాయతీ గోడమీద, ఒకటి ఊరి గ్రంథాలయములో నుండవలెను. కట్టక్రింద కాపురమున్నవానికి దానిని చదువు హక్కు కలదు.

నీరటికానికి జీతమెవరిత్తురు అని అడుగుదురు. నీటితో లాభము పొందువారు ఇత్తురు. చేపల గుత్త పైకములో కొంత, ఆయకట్టు రైతుల వద్ద ఎకరమునకింత, సొంతకుంటల యజమానులవద్ద వారి నీటి విరివినిబట్టి కొంత. తక్కువ పడినది పంచాయతీ నిధినుండి. 1997నాటి చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినప్పుడు ఇట్టి బాధ్యత రైతులదేయని చెప్పిరి. మాటకు తగిన పైకమును అధికారమును చేతికీయక సంఘములను కాగితములపాలు చేసిరి. ఈసారి పైకము ముందు, ఉపన్యాసము తరువాత రావలెను. పని కులమునకు కట్టుబడినది కారాదు. ఊరిలో చదువుకొని ఉద్యోగము లేక తిరుగు యువకులు కొందఱు కలరు, వారికి మూడు దినములు కట్టమీద నేర్పిన ఈ విద్య పట్టుబడును.

పింగళి వెంకయ్యగారు నడిగూడెమున వ్యవసాయ పరిశోధనలు చేసినారని ఆ యూరివారు గర్వముతో చెప్పుకొందురు, గర్వింపదగినదే. నేలను నీటిని పరీక్షించి వ్రాసికొను అలవాటు ఆ గ్రామమునకు క్రొత్తది కాదు గనుకనే, మొదటి కట్టల పద్దు అక్కడనే తెఱవబడవలెనని మా కోరిక. కాగిత రామచంద్రాపురము వారికి ఇందలి యవసరమును ఎవరును బోధింప నక్కఱలేదు.

పైన చెప్పిన కుంటవైపు మొన్న మరల పోయితిమి. యజమాని తుమ్మలు కొన్ని కొట్టించినాడు. బొఱియలలో మట్టి కొట్టించినాడు. అలుగుమీది ఇటుకలు ఒక వరుస తగ్గినవి. వల మాత్రమింకను అక్కడనే యున్నది.